బాగానే చెడిపోయిన కొళాయి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. వయసు పెరిగేకొద్దీ తెలియనివి ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి గానీ, పంతొమ్మిదేళ్ళప్పుడు, ముఖ్యంగా కొళాయిల విషయంలో, నేను సర్వజ్ఞుణ్ణి. వేలూరు బాగాయంలో ఇళ్ళు కట్టే మా మామ దగ్గర ప్లంబింగు పనిలో చేరి అప్పటికి నాలుగు నెలలు. కారే కొళాయిని విప్పి అరిగిన వాషరు తీసి కొత్తది వేయడం, మరలకు తెల్ల టేపు చుట్టడం (విప్పే వైపు చుడితే బిగించేటప్పుడు టేపంతా ఊడి వస్తుంది, ఈ జ్ఞానం నాకు మూడు కొళాయిలు కారాక కలిగింది), ఇంతవరకే వచ్చు. ఆ మాత్రానికే చొక్కా జేబులోంచి స్పానరు బయటికి కనబడేట్టు పెట్టుకుని తిరిగేవాణ్ణి. దాని బరువుకు జేబు చిరిగింది గానీ నా హోదా చెక్కుచెదరలేదు.

అక్క నిశ్చితార్థానికి సెలవు పెట్టి బుధవారం మా ఊరు గుడియాత్తం వచ్చాను. శుక్రవారం ఉదయం ఆర్కాడు నుంచి మగపెళ్ళివాళ్ళు నలభై మంది వస్తారు. వంటకు మంచినీళ్ళు కావాలి. మా వీధికి మునిసిపాలిటీ నీళ్ళు వారానికొకసారి, గురువారం వస్తాయి. ఏ వేళకొస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు. ఇంట్లో బోరు ఉంది గానీ అది ఉప్పు నీళ్ళు. "ఆ నీళ్ళల్లో పప్పు పొద్దస్తమానం ఉడికించినా గులకరాళ్ళే. వచ్చినోళ్ళు పండ్లు ఊడగొట్టుకోని పోవాల్నా?" అని మా అవ్వ అప్పటికే పదిసార్లు అంది. అప్పట్లో మా వీధిలో ఎవరికీ సంపు లేదు. నీళ్ళొచ్చిన అరగంటలో డ్రమ్ములూ బిందెలూ నింపుకోవాలి. తప్పితే మళ్ళీ గురువారమే.

అవ్వ మురుకుల పిండి ఆడించడానికి మిషనుకు వెళ్ళిన సమయంలో నేను ఇంటి మీద పడ్డాను. స్నానాల గది కొళాయికి వాషరు మార్చాను. వంటింటి కొళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే మూతి దగ్గరి జల్లెడ విప్పి, ఉప్పు పేరుకుని ఉంటే చింతపండు రసంలో నానబెట్టి రుద్దాను. ఆగకుండా పారే ఫ్లష్ ట్యాంకులో ఇరుక్కుపోయిన బంతిని సరిచేశాను. మరలన్నీ మరల మరల బిగించాను. "మా తమ్ముడు మేస్త్రి అయిపోయినాడు!" అని అక్క మురిసిపోయింది. పొగడ్త అక్కడితో ఆగి ఉంటే నేనూ ఆగేవాణ్ణి. ఆగలేదు. వాకిట్లో గేటు పక్కన మునిసిపాలిటీ కొళాయి కనబడింది. పాతది, పచ్చగా చిలుమెక్కినది. కింద ఎవరో సత్తు తట్ట, అంటే అల్యూమినియం కంచం, ఒకటి బోర్లించి పడేశారు. విప్పి చూస్తే లోపల వాషరు కాదు, వాషరు జ్ఞాపకం మాత్రమే మిగిలి ఉంది. పది నిమిషాల్లో కొత్తది వేసి, చింతపండుతో తోమి తళతళలాడించి, తట్టను తీసి కొట్టంలో పడేశాను.

మర్నాడు గురువారం. అవ్వ వంటింట్లో మురుకులు వత్తుతూ, ఒక చెవి వాకిట్లో పెట్టి కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. సాయంత్రం నాలుగైంది. అప్పుడు వెనక వీధిలో ఉండే ఒకావిడ గేటు దగ్గర నిలబడి, "ఏం అవ్వా, డ్రమ్ములన్నీ నిండినాయా?" అని అడిగింది.

"యాడమ్మా! ఇంకా రాలేదే."

"రాకపోయేదేంది? మీ వీధికి పన్నెండు గంటలకే వదిలినారు. పన్నెండున్నరకు నిలిపేసినారు కూడా!"

అవ్వ పిండి చేతులతోనే వాకిట్లోకి పరుగెత్తింది. కొళాయి తిప్పితే 'ఉస్సు'మని రెండు నిట్టూర్పులు విడిచి ఊరుకుంది. అప్పుడు దాని మెరుపు చూసింది. కింద తట్ట లేదని చూసింది.

"ఎవుర్రా దీన్ని ముట్టుకునింది?"

"నేనే అవ్వా. కారతా ఉండాది కదా, బాగు చేసినాను."

"బాగు చేసినావా? అది బాగానే చెడిపోయి ఉండాది కదరా నాయనా!"

అసలు సంగతి అప్పుడు తెలిసింది. నీళ్ళు వచ్చే ముందు గొట్టంలోని గాలి ఆ అరిగిన వాషరు సందుల్లోంచి ఈలవేస్తూ వస్తుంది. వెనకనే చుక్కలు తట్ట మీద పడి 'టంగు టంగు'మంటాయి. అదీ అవ్వ గడియారం. అవ్వదే అయితే పోనీ అనుకోవచ్చు. మా ఇల్లు వీధి మొదట్లో ఉండటం చేత వరసలోని అయిదిళ్ళవాళ్ళూ ఆ తట్ట మోత వినే తమ కొళాయిలు తిప్పుతారట. అయిదు వాకిళ్ళలోంచి అయిదు గొంతులు లేచాయి. పక్కింటి అత్త మాత్రం నేరుగా వచ్చేసింది. "ఏం అవ్వా, తణ్ణి వందాచ్చు, నీళ్ళొచ్చేసినాయి అని మీ తట్ట చెప్పలేదే! నేను దాన్ని నమ్ముకోని నిద్రపోయినా!" అని రెండు భాషల్లోనూ ఏడ్చింది. అక్క ఖాళీ డ్రమ్ముల పక్కన కూర్చుని నా వైపు చూసింది. అదే నన్ను నీరుగార్చింది. ఇంట్లో అప్పుడు కనబడిన నీరు అది ఒక్కటే.

శుక్రవారం తెల్లవారుజామున వెనక వీధికి నీళ్ళ వంతు. ప్లాస్టిక్ బిందెలు భుజానికెత్తుకుని మా ఇంటికీ ఆ అయిదిళ్ళకీ కలిపి ఎన్ని నడకలు నడిచానో లెక్క లేదు. ఆఖరి బిందెతో వీధి మలుపు తిరుగుతుంటే ఆర్కాడు వ్యాను వచ్చి ఆగింది. పెళ్ళికొడుకు జేజి (నాయనమ్మను వాళ్ళింట్లో అలాగే పిలుస్తారు) తల బయటపెట్టి, "ఏమప్పా నీళ్ళాయనా, పెండ్లికూతురిల్లు యాడ?" అంది.

"ఇదే. నేను పెండ్లికూతురు తమ్ముణ్ణి," అన్నాను, భుజంమీంచి నీళ్ళు కారుతుండగా.

ఇంట్లో కూర్చున్నాక ఆమె అడగనే అడిగింది, "పిల్లోడి చేత నీళ్ళు మోయిస్తా ఉండారే, ఎందుకు?" అని. అక్క తల ఇంకా దించుకుంది. పక్కింటి అత్తకు మాత్రం దాచుకునే అలవాటు లేదు. వాషరు దగ్గర్నుంచి తట్ట దాకా మొత్తం చెప్పేసింది. జేజి తడిసిన నా చొక్కాను పైనుంచి కిందికి చూసింది. సంబంధం కొళాయిలో కొట్టుకుపోయిందనే అనుకున్నాను.

"తట్టా?" అంది చివరికి అవ్వ వైపు తిరిగి. "మేము గిన్నె పెడతాము. తట్టకు మోత ఎక్కువ వస్తాదా?"

"సత్తు తట్టకు వస్తాదమ్మా. బోర్లించల్ల."

"అట్లనా! మేము వెల్లకిలా పెట్టి చెడగొట్టుకున్నాము."

ముసలమ్మలిద్దరూ అలా నీళ్ళలో పడి ముహూర్తం మరిచిపోయారు. పురోహితుడు రెండుసార్లు దగ్గవలసి వచ్చింది. పప్పు వెన్నలా ఉడికింది. వెళ్ళేటప్పుడు జేజి మా కాబోయే బావతో, "నీ బామ్మర్ది మనింటికి వస్తే అన్నం పెట్టు. స్పానరు మటుకు గేటుకాడే తీసి పెట్టుకో," అని వ్యాను ఎక్కింది.

మరుసటి గురువారం మామను బతిమాలి మళ్ళీ సెలవు తీసుకుని వచ్చాను. చెత్తలో వెతికి దొరకబుచ్చుకున్న పాత వాషరును తిరిగి బిగించి, తట్ట బోర్లించి కాచుకుని కూర్చున్నాను. నీళ్ళొచ్చాయి. అయిదిళ్ళ ఆడవాళ్ళూ చుట్టూ నిలబడి తీర్పులు మొదలుపెట్టారు. "ఇది కాదప్పా, దీనికి గొంతు లేదు." "ఈల కొంచెం సన్నంగా ఉండేది." కొంచెం బిగిస్తే మూగబోతుంది, వదులు చేస్తే ధార కడుతుంది. బాగు చేయడానికి పది నిమిషాలు పట్టిన కొళాయిని అంత చక్కగా చెడగొట్టడానికి నీళ్ళున్న అరగంటా సరిపోయింది. చివరికి అవ్వ కళ్ళు మూసుకుని విని, "ఆఁ, ఇప్పుడు సరిగ్గా చెడింది. చెయ్యి తియ్‌రా," అంది. ఆ పనిలో నాకు దక్కిన మొదటి సర్టిఫికెట్ అదే.

ఇప్పుడు వేలూరులోనూ కాట్పాడిలోనూ నా సొంత పనులు నడుస్తున్నాయి. ఎవరింటికి వెళ్ళినా సంచి విప్పే ముందు ఆ ఇంట్లో పెద్దామె ఎవరో కనుక్కుని, "అమ్మా, ఇది దానంతట అది చెడిపోయిందా, మీరే చెడగొట్టి పెట్టుకున్నారా?" అని అడుగుతాను. చిన్నవాళ్ళు నవ్వుతారు. పెద్దామెలు నవ్వరు, ఆలోచించి జవాబు చెబుతారు. జేబు చిరిగిన ఆ స్పానరు కుర్రవాడు ఇప్పుడు నా దగ్గరికి పని కోసం వస్తే కాదనను. స్నానాల గది చూపిస్తాను, వంటిల్లు చూపిస్తాను. వాకిలి వైపు మాత్రం పోనివ్వను.