ఇద్దరికీ కనపడితేనే

ఈ ఉదయం గేటు దగ్గర నిలబడి ఉంటే రోడ్డు మీంచి మా మామగారి గొంతు వినపడింది. "లైన్ క్లియరా?" "లేదు తాతయ్యా, సిమెంటు లారీ వస్తోంది," అంది మా చిన్నది. ఇద్దరూ బడికి నడిచి వెళుతున్నారు. లారీ పోయేదాకా ఆగారు. నాకు కిందటేడు ఎక్కిన ఆ డీజిల్ రైలు గుర్తొచ్చింది.

మామగారు జీవితమంతా డీజిల్ ఇంజన్లు నడిపిన మనిషి. మా ఇంట్లో ఇడ్లీలకి కూడా టైము టేబులే, చట్నీ రెండు నిమిషాలు ఆలస్యమైతే "బండి లేటా?" అంటూ వంటింట్లోకి తొంగిచూసేవారు. పాత డీజిల్ ఇంజన్లని మూలన పెట్టేముందు ఒక రోజు జనాన్ని ఎక్కించుకుని తిప్పుతారని తెలిసింది మొదలు ఆయన్ని పట్టడం మా తరం కాలేదు. ఆ రోజు ఆదివారం. చర్చి మానాలా అని అత్తగారు మూతి ముడిస్తే "దేవుడికి నేను చెప్పుకుంటాలేవే," అన్నారు. జగ్గయ్యపేట నుంచి మధిర దాకా కారులో వెళ్ళి, ఐదుగురం ఇంజను వెనకున్న పెట్టె ఎక్కాం. ఆయన ఆ పొగని గుండెల నిండా పీల్చుకుంటుంటే, అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఈ కంపుతోనే కాపరం చేశానమ్మా," అన్నారు నాతో. అందరం పడీపడీ నవ్వాం. అంతగా నవ్వడం ఆ రోజుకి అదే ఆఖరు.

ఇంజన్లో అసిస్టెంటు సిగ్నల్ రంగు పైకి చెప్పాలిట. డ్రైవరు తనూ చూసి అదే మాట తిరిగి అనాలిట. ఆ ఆట చిన్నదానికి నేర్పారు. కిటికీలోంచి చూస్తూ అది చెబుతోంది, ఈయన వెంటనే అంటున్నారు. ఒక మలుపు దగ్గర అది నోరు తెరిచేలోపే ఆయన "గ్రీన్!" అన్నారు. "ఎర్రది తాతయ్యా." "సరిగ్గా చూడవే!" బండి ఆగిపోయింది. ఆయన కళ్ళు చికిలించి చూశారు, చేత్తో నులుముకుని మళ్ళీ చూశారు. ఆట అక్కడితో ఆపేశారు. రోజూ ఆ లారీల మధ్య నుంచి నా బిడ్డని స్కూటర్ మీద బడికి తీసుకెళుతున్నది ఈ కళ్ళే కదా! మా ఆయన నా చెవిలో "నువ్వే చెప్పు, నా వల్ల కాదు," అన్నాడు. కన్నకొడుకు నిర్వాకం అది!

చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఆ సాయంత్రం గడిపేశాను. తెల్లారాక చిన్నది స్కూటర్ ఎక్కుతుంటే పరుగెత్తుకెళ్ళి అడ్డం నిలబడ్డాను. "మామయ్యగారూ, దాన్ని దించండి." ఆయన మొహం జేవురించింది. "ఇన్నేళ్ళు నడిపానమ్మాయ్! ఒక్కడికైనా చిన్న గీత పడిందా?" ఏడుపొచ్చేసింది. ఇంతలో వెనక నుంచి చిన్నది, "నేను చూసి చెప్తాలే తాతయ్యా, పోనీ," అంది. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంజను ఆపి, తాళం తీసి నా చేతిలో పెట్టారు. "అసిస్టెంటుకొక్కదానికే కనపడితే బండి కదపకూడదమ్మాయ్," అన్నారు.

కంటినరం దెబ్బతిందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఇద్దరిదీ నడకే. మొదట్లో ఆయన దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవారు. ఇవాళ చూస్తే అది ఆయన చెయ్యి పట్టుకుని దాటిస్తోంది. ఏ రోజు మారిందో, గేటు దగ్గర రోజూ నిలబడే నేనే చూడలేదు.