చుక్క పెట్టని కొలత

మా అక్క అబద్ధాలు చెబుతుందని ఎవరైనా అంటే వాళ్ళతో కయ్యానికి దిగుతాను. అది నిజమే అయినా సరే దిగుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఆమె కుట్టు షాపులో టేపు మెడలో వేసుకుని ఆడవాళ్ళకి అబద్ధాలు చెబుతూనే ఉంది. పక్కన కూర్చుని హెమ్మింగులు చేస్తూ, గుండీలు కుడుతూ నేను వింటూనే ఉన్నాను.

సంగతేమిటంటే, తన నడుము పెరిగిందని వినడానికి ఏ ఆడమనిషీ మా షాపు మెట్లెక్కదు. అందుకని అక్క టేపుని కాస్త బిగించి లాగి, "ముప్పై నాలుగు" అంటుంది. వచ్చినామె మొహం చేటంత అవుతుంది. కొలతల పుస్తకంలో ముప్పై నాలుగనే రాసి, పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది. చుక్కకి అర అంగుళం. రెండు చుక్కలైతే అంగుళం. గుడ్డ కత్తిరించేటప్పుడు చుక్కలన్నీ కలుపుకుని కత్తిరిస్తుంది. గౌను ఒంటికి అతికినట్టు సరిపోతుంది, ఆమె అద్దంలో చూసుకుని మురిసిపోతుంది. వీధి చివర బేకరీ ఆవిడ ముప్పై నాలుగు పక్కన తొమ్మిది చుక్కలున్నాయి. పెళ్ళినాటి కొలతలోనే ఉన్నానని ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధం కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆ చుక్కలు మా కొంప ముంచింది పీలిక విషయంలో.

పీలిక అంటే కుక్క. ఊరి బయట ఒకడు షెడ్డులో కుక్కల్ని కట్టేసి, ఈత మీద ఈత పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాడు. ఆ షెడ్డు మూయించి కుక్కలన్నిటినీ ఒక షెల్టరుకి చేర్చారు. షాపులో మిగిలిన గుడ్డముక్కలతో అక్క బొంతలు కుడితే, ఇచ్చి వద్దామని ఇద్దరం అక్కడికి వెళ్ళాం. కుక్కలన్నీ చెవులు చిల్లులు పడేలా మొరుగుతుంటే ఇదొక్కటే నోరు తెరవలేదు. తొమ్మిదేళ్ళ ఆడకుక్క, ఎముకల మీద తోలు, పాలిచ్చి పాలిచ్చి సాగి వేలాడే పొట్ట. మెల్లగా వచ్చి అక్క చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. అక్క పది నిమిషాలు కాలు కదపలేదు. ఇక పదవే అంటే, "ఎలా రమ్మంటావే, నా కాలు దాని దగ్గరుంది" అంది. బొంతలిచ్చి కుక్కని తెచ్చుకున్నాం.

బావకి, అంటే అక్క మొగుడికి, ఇది మొదట నచ్చలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి, కొత్త బరువేదైనా ఎక్కుతోందంటే ముందు వద్దనే అంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత చదివాడు. మూడో రోజుకల్లా తన కంచంలో గుడ్డు దానికి పెడుతున్నాడు. చిరిగిన గుడ్డపీలికలా ఉందని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. షాపులో అక్క మెషిను కింద అది చోటు చూసుకుంది. పెడలు మీద గడ్డం పెట్టి నిద్రపోతుంది. అక్క కుట్టాలంటే ముందు కాలి బొటనవేలితో ఆ గడ్డాన్ని పైకెత్తాలి. ఒక మూర కుట్టేలోపు అది మళ్ళీ వచ్చి పెడుతుంది. పని సగానికి సగం పడిపోయింది. విసుక్కున్నది నేనే, అక్క కాదు.

వచ్చిన వారానికి స్నానం చేయిస్తుంటే దాని కుడివైపు చివరి రొమ్ము దగ్గర నా వేళ్ళకి ద్రాక్షపండంత గడ్డ తగిలింది. దానికి పైన ఇంకో రెండు చిన్నవి. కుక్కల డాక్టరమ్మ తడిమి చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. రొమ్ముగడ్డల్లో సగం మంచివే ఉంటాయట, సగం ప్రాణం తీసేవట, తీసి పరీక్షకి పంపితే తప్ప ఏది ఏదో తెలియదట. ఆపరేషనంటే ఒక్క గడ్డ కోయడం కాదు, ఆ వైపు రొమ్ముల వరసంతా తీసేయాలి, గర్భసంచీ కూడా తీసేయాలి. అయితే దీని ఒంట్లో రక్తమే లేదు, ఇప్పుడు మత్తిస్తే లేవకపోవచ్చు. రెండు నెలలు బాగా మేపండి, వారం వారం గడ్డ కొలిచి ఫోన్లో చెప్పండి అంది. మూడు సెంటీమీటర్లు గీత అనుకోండి, అది దాటితే ఊపిరితిత్తులకి పాకే భయం ఎక్కువ, పెరుగుతున్నట్టు అనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు అని మరీ మరీ చెప్పింది.

కొలతలంటే మా అక్క తర్వాతే ఎవరైనా అని డాక్టరమ్మతో గొప్పలు పోయాను. నా నోరు పడిపోను.

ప్రతి సోమవారం పొద్దున్నే అక్క పీలికని షాపు వెనక గదిలోకి తీసుకెళ్ళి కొలిచేది. బయటికొచ్చి డాక్టరమ్మకి ఫోన్ చేసేది. ఒకటి పాయింట్ ఎనిమిది. మళ్ళీ వారం అంతే. ఆపైన ఒకటి పాయింట్ తొమ్మిది. పెరగడం లేదమ్మా అని నవ్వుతూ చెప్పేది. రెండు నెలలకి పీలిక ఒళ్ళు చేసింది, తోక ఊపడం నేర్చుకుంది, ఒకసారి మొరిగి తనే ఉలిక్కిపడింది. ఇక తీసుకురండి అంది డాక్టరమ్మ. అక్క ఒక వారం అర్జెంటు గౌన్లున్నాయంది, ఇంకో వారం తనకే జ్వరమంది. పెరగని దాన్ని కోయించడమెందుకని నాతో అంది. బావదీ అదే పాట. తొమ్మిదేళ్ళు నానా హింసా పడింది, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండనిద్దాం అన్నాడు. నాకూ ఆ మాటే హాయిగా అనిపించింది. ఆపరేషనంటే మా ఇంట్లో అందరికీ ముచ్చెమటలు పడతాయి.

మా అమ్మ అలాగే పోయింది. కడుపులో గడ్డ, వెంటనే కోయాలన్నారు. నాన్న అప్పటికే లేడు, నేను స్కూలుకెళ్ళే పిల్లని. ఇరవై ఏళ్ళ అక్క చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని అమ్మని లోపలికి తీసుకెళ్ళారు. అమ్మ మత్తులోంచి మళ్ళీ లేవలేదు. అక్క ఆ ఊసు ఎప్పుడూ ఎత్తదు. కానీ ఆ రోజునుంచి ఏ కాగితం మీదా తన పూర్తి పేరు రాయదు, రెండు పొడి అక్షరాలు గీకి తోసేస్తుంది.

ఒక గురువారం మధ్యాహ్నం, బేకరీ ఆవిడ కొత్త గౌను వేసుకుని అద్దం ముందు తిరుగుతోంది. అక్క కింద కూర్చుని అంచుకి గుండుసూదులు పెడుతోంది. ఎవరిదో పాత కోటు కొలత కావలసివచ్చి నేను పోయినేడాది పుస్తకం తీశాను. ఖాళీగా మిగిలిన చివరి పేజీలో పీలిక పేరుంది. కింద పదకొండు వారాల అంకెలు. మొదటి రెండు వారాలకీ చుక్కల్లేవు. మూడో వారం ఒక చుక్క. ఐదో వారం రెండు. ఆఖరి సోమవారం రెండు సెంటీమీటర్లు, పక్కన మూడు చుక్కలు.

మెషిను కిందికి దూరి, పీలికని వెల్లకిలా తిప్పి, నా టేపు పెట్టాను. అది నా చెయ్యి నాకింది. మూడున్నర. గడ్డ మీది చర్మం పలచబడి, ఊదారంగు తిరిగి నిగనిగలాడుతోంది. లేచి నిలబడ్డాను, కానీ బేకరీ ఆవిడ ఎంతకీ కదలదే. చేతులు ఇంకాస్త పొట్టిగా ఉంటే బాగుంటుందా అంటుంది, వద్దులే అంటుంది, మళ్ళీ అద్దం చూసుకుంటుంది. నాకు ఆవిణ్ణి గౌనుతో సహా వీధిలోకి నెట్టాలనిపించింది. ఆవిడ వెళ్ళాక తలుపు గడియ పెట్టి, పుస్తకం అక్క ముందు పడేశాను.

"దీనికి చుక్కకెంత?" అన్నాను.

"అర సెంటీమీటరు" అంది అక్క. తలెత్తలేదు.

నా నోటికి ఇక అడ్డేముంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి నీకన్నా నయమన్నాను. "గౌనైతే గుడ్డ ఎక్కువ కత్తిరించి సరిపెడతావు. దీనికేం కత్తిరించి సరిపెడతావే?" అన్నాను.

అక్క గుండుసూదులు ఒక్కొక్కటే డబ్బీలో వేస్తూ చెప్పింది. "మొదట్లో చెయ్యి దానంతటదే బిగించింది. అలవాటైన చెయ్యి కదే. తర్వాత తెలిసింది, కానీ చెప్పలేకపోయాను. చెబితే కాగితం తెచ్చి నా ముందు పెడతారు. అమ్మకి సంతకం పెట్టింది నువ్వు కాదు, నేను."

డాక్టరమ్మకి ఫోన్ నేనే చేశాను. ఉన్నపళంగా తీసుకురమ్మంది. బావ పని మధ్యలోంచి, పనిముట్ల సంచీ భుజానుండగానే వచ్చాడు.

డాక్టరమ్మ గదిలో స్టీలు బల్ల, దాని మీద రబ్బరు చాప, మూలన బరువు తూచే యంత్రం. ముందు ఛాతీకి ఎక్స్‌రే తీయాలన్నారు. ఊపిరితిత్తుల్లో మచ్చలుంటే ఇక కోసీ లాభం లేదు, నొప్పి తెలియకుండా చూసుకోవడమే. పీలికని లోపలికి తీసుకెళ్ళారు. అరగంట ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. మచ్చలు ఉండకూడదని మొక్కుకున్నాను. మచ్చలుంటే సంతకం తప్పుతుందని అక్క లోలోపల అనుకుంటోందేమోనని కూడా నాకు అనుమానం వచ్చింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మచ్చలు లేవు, కనీసం ఫిల్ములో కనబడలేదు. డాక్టరమ్మ తన కొలత పరికరం పెట్టి మూడు పాయింట్ ఆరు అంది. ఇంత ఎప్పుడు పెరిగిందని అడిగింది. నేను నోరు తెరవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టి, సంచీలోంచి పుస్తకం తీసి, చుక్కలు కలుపుతూ ఒక్కో వారం పైకి చదివింది. బావ గోడవైపు తిరిగాడు. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఉన్నవి రెండే దారులంది. కోయకపోతే నెలా రెండు నెలల్లో చర్మం పగిలి పుండవుతుంది, అప్పుడు నొప్పి తప్పదు. కోస్తే, గుండె చప్పుడులో చిన్న తేడా ఉంది, వయసూ ఉంది, మత్తులో పోయే ప్రమాదం లేదని చెప్పలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీ కుక్కైతే ఏం చేస్తారమ్మా అని బావ అడిగాడు. రేపు పొద్దున కోస్తానంది. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. బావ వెంటనే పెన్ను అందుకుని తను పెడతానన్నాడు.

"వద్దు. కొలత దాచింది నేను" అంది అక్క.

పెన్ను తీసుకుంది కానీ రాయలేదు. గడ్డ చుట్టూ ఎంత మార్జిను తీస్తారని అడిగింది. డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసి, రెండు సెంటీమీటర్ల దాకా అంది. "తక్కువ చేయకండి. పాలిచ్చి పాలిచ్చి సాగిన చర్మం, కుట్టడానికి సరిపోతుంది" అంది అక్క. తర్వాత తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది.

మర్నాడు పొద్దున పీలికని వదిలి షాపుకొచ్చాం. పెడలు ఖాళీగా ఉంది, ఎంతైనా కుట్టుకోవచ్చు. అక్క మెషిను దగ్గరికే వెళ్ళలేదు. కత్తెర తుడిచింది, తుడిచిన కత్తెరే మళ్ళీ తుడిచింది. పదకొండింటికి ఫోన్ మోగింది. ఇద్దరం ఒకేసారి దాని మీదికి ఉరికాం. బేకరీ ఆవిడ, గౌను చేతులు పొట్టిగానే కుట్టమని. పన్నెండింటికి మళ్ళీ మోగింది. వద్దులే, పొడుగే ఉండనీ అని. దారం నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ నేను పది సార్లు తప్పాను. ఒంటిగంట దాటాక డాక్టరమ్మ చేసింది.

"లేచిందమ్మా. కళ్ళు తెరిచి చూస్తోంది."

అక్క ఉన్నచోటే నేల మీద కూలబడి, గుడ్డముక్కల మధ్య పెద్దగా ఏడ్చింది. అమ్మ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

చంక దగ్గరనుంచి గజ్జల దాకా కుట్లు. నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు తగిలిస్తే అది గోడలకి గుద్దుకుని బిత్తరపోతోందని, అక్క పాత బనీను గుడ్డతో ఒంటికి తొడుగు కుట్టింది. పరీక్ష ఫలితం రెండు వారాలకి వచ్చింది. గడ్డ చెడ్డదే. అంచులు శుభ్రంగా వచ్చాయి, కానీ గజ్జల్లో గ్రంథికి కొంచెం పాకింది. ఏడాది ఉండొచ్చు, అంతకన్నా ఎక్కువా ఉండొచ్చు, చూస్తూ ఉండాలంది డాక్టరమ్మ. రెండున్నర ఉన్నప్పుడే తెచ్చి ఉంటే ఏమయ్యేదని అక్క అడిగింది. పాకి ఉండకపోవచ్చు, పాకీ ఉండొచ్చు, చెప్పలేనమ్మా అంది డాక్టరమ్మ. అక్క తలూపింది.

తర్వాతి నెలలో బేకరీ ఆవిడ కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. అక్క టేపు వదులుగా చుట్టి, "ముప్పై ఎనిమిదిన్నర" అంది. నేను వేలికి సూది గుచ్చుకున్నాను. నీ టేపు పాడైపోయిందని ఆవిడ ఎగిరిపడింది. టేపు బాగానే ఉందండీ, కోటు కూడా బాగానే పడుతుంది అని అక్క శాంతంగా రాసుకుంది. పక్కన చుక్క పెట్టలేదు. ఆవిడ నెల రోజులు మా వంక చూడలేదు.

సోమవారాలు మాత్రం మానలేదు. ఇప్పుడు వెనక గదిలో కాదు, షాపులో నా ముందే. అక్క పెడలు మీది గడ్డాన్ని బొటనవేలితో ఎత్తి, పీలికని పక్కకి తిప్పి, ఎడమవైపు వరసంతా వేళ్ళతో తడుముతుంది. పైకి చెబుతుంది, నేను పుస్తకంలో రాస్తాను. నిన్న కూడా, "ఏమీ లేదు" అంది.

రాసేముందు పుస్తకం పక్కన పెట్టి నేనూ ఒకసారి తడిమి చూశాను. ప్రతి వారం చూస్తాను. నేను చూడడం పూర్తయ్యేదాకా అక్క పీలిక తల పట్టుకుని కూర్చుంటుంది.