అడ్వాన్సు మామగారి కోపం

మామగారికి కోపం ముందే వస్తుంది. ముందే అంటే త్వరగా అని కాదు, తప్పు జరగడానికి ముందే అని. లోకంలో అందరికీ కప్పు పగిలాక కోపం వస్తుంది. ఆయనకు మాత్రం కప్పు అలమరలో నిక్షేపంగా ఉండగానే వస్తుంది. పగలగొట్టబోయే మనిషిని పిలిచి, ఎదురుగా నిలబెట్టి, కడుపునిండా తిట్టి, ఆ తర్వాత హాయిగా పేపరు చదువుకుంటారు. ఎప్పుడో ఆ కప్పు నిజంగానే పగిలితే తల కూడా ఎత్తరు. "దానికి తిట్టడం అయిపోయింది" అంటారు.

ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేశారు. అక్కడ ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా ఉండేది కాదు. అందరికీ ఆయన 'అడ్వాన్సు'. ఈయన పొద్దున్నే షెడ్డులోకి అడుగుపెట్టి ఒక్కొక్కరినీ వరసగా, ఆ రోజు చేయబోయే వెధవ పనులన్నిటికీ తిట్టుకుంటూ పోయేవారట. పదిగంటలకల్లా ఆ కార్యక్రమం ముగిసేది. సాయంత్రం వరకు ఏ బస్సుకు ఏం జరిగినా ఆయన నోట ఒక్క మాట వచ్చేది కాదట.

కోడలు ఈ ఇంటికి వచ్చిన మూడో రోజునే తన వాటా అందుకుంది.

"అమ్మాయ్! ఆ నీలం కప్పు నువ్వు పగలగొడతావు. వస్తువంటే బొత్తిగా లెక్కలేదా? చేతులున్నాయా, గరిటెలున్నాయా?"

అప్పటికి ఆమె ఆ కప్పును ముట్టుకోనైనా లేదు. వంటింట్లోకి వెళ్లి కళ్లు ఒత్తుకుంది. అత్తగారు ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే, "ఊరుకోవే, ఇంకా పగలగొట్టలేదుగా" అని ఓదార్చింది. నాలుగు నెలల తర్వాత కప్పు నిజంగానే చేతిలోంచి జారి మూడు ముక్కలైంది. కోడలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడింది. మామగారు పేపరు తిప్పుతూ, "అది చలికాలంలోనే తిట్టేశాను" అన్నారు. మర్నాడు అలమరలో అచ్చం అలాంటి నీలం కప్పే ఇంకొకటి కనిపించింది. పాత జతలోదే కాబోలు అనుకుని ఆమె ఆ సంగతి మరిచిపోయింది.

ఇంటి వెనక షెడ్డులో వాళ్లకు బట్టలుతికే వ్యాపారం ఉంది. మెషిన్లు, ఇస్త్రీ కొడుకు వంతు. ఉతికిన దుప్పట్ల మూటలు పికప్ బండిలో వేసుకుని ఊరంతా అందించడం కోడలి వంతు. బండి నడపడంలో ఆమెకు తిరుగులేదు గానీ, బానెట్ కింద ఏముందో ఇన్నాళ్లూ ఆమెకు పట్టలేదు. ఇంతలో కొండ మీది పెద్దాసుపత్రి వాళ్లు పనిచ్చారు. నాలుగు వందల దుప్పట్లు, సోమవారం పొద్దున ఏడింటికల్లా గేటు దగ్గర ఉండాలి. మొదటి రోజే ఆలస్యం చేసిన పాత చాకిరేవు వాడిని రెండో రోజు గేటు దగ్గరికే రానివ్వలేదని వాళ్లు ముందే చెప్పి మరీ పంపారు.

మామగారు శనివారం పొద్దున బండి బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, దాని చివర వేలితో రాసి చూసి తాడెత్తున లేచారు.

"ఇది ఆయిలా, తారా? దీంతో కొండెక్కితే ఇంజను సగం దారిలో పట్టేస్తుంది. దుప్పట్లు నెత్తిన పెట్టుకుని నడుస్తావా?"

కోడలు ఊళ్లో బళ్లు బాగుచేసే షెడ్డుకు పరుగెత్తింది. అక్కడి మెకానిక్కు పళ్లు కుట్టుకుంటూ, "బుధవారం రండి" అన్నాడు. సోమవారానికే కావాలని ఎంత చెప్పినా, "అయితే వచ్చే బుధవారం రండి" అన్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద విసిరికొట్టి, "నేనే మారుస్తాను" అంది.

"నువ్వా?" అన్నాడు మొగుడు.

"మీరు మారుస్తారా?"

అతను మళ్లీ ఇస్త్రీలోకి తల దూర్చాడు. మామగారే మార్చాల్సింది, కానీ ఆయన మోకాళ్లు రెండూ రిటైరైన రోజునే రిటైరయ్యాయి. బండి కింద దూరితే మళ్లీ బయటికి లాగడానికి నలుగురు కావాలి.

ఆ సాయంత్రం ఆయనే కుంటుకుంటూ అంగడికి వెళ్లారు. తానొస్తానంటే కోడలిని రానివ్వలేదు. కారాలు మిరియాలు నూరుతూ రెండు సంచులతో తిరిగొచ్చారు. ఒక సంచి ఆమె ముందు ధన్‌మని పెట్టారు. ఆయిల్ డబ్బా, కొత్త ఫిల్టరు. రెండో సంచి బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ తన గదివైపు నడిచారు.

"అందులో ఏముంది మావయ్యా? ఇటివ్వండి, నేను మోస్తాను."

"నువ్వు చేయబోయే తప్పులున్నాయి. అవతలికి పో!"

ఆమెకు ఒళ్లు మండింది. ఇంత మాట అనడానికి తను ఇంకా పానా అయినా పట్టుకోలేదు కదా అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలైంది. బండి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. ఆయిల్ పలచబడటానికి ఇంజను అయిదు నిమిషాలు నడిపి ఆపారు. కోడలు అట్టపెట్టె చింపి నేల మీద పరుచుకుని, మొగుడి పాత చొక్కా వేసుకుని బండి కింద పడుకుంది. మామగారు పక్కనే కుర్చీ వేయించుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అక్కణ్ణుంచి ఆయనకు కోడలి పాదాలు తప్ప ఏమీ కనబడవు. ఆ పాదాలనే తిట్టడం మొదలుపెట్టారు.

"బోల్టు వదులవగానే చెయ్యి తియ్యవు! వేడి ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. కాలుతుంది. బుద్ధుందా?"

"ఇంకా బోల్టే దొరకలేదు మావయ్యా!"

"దొరికాక వేరే బోల్టు విప్పుతావు. గేరు ఆయిలంతా కారబోస్తావు. ఇంజనేదో గేరుపెట్టె ఏదో తెలియని మనిషివి!"

"తెలుసు! నిన్న మీరే కర్రకు చాక్‌పీసు కట్టి గీత గీశారు!"

"గీత గీస్తే చూస్తావా? చూసే రకమేనా నువ్వు?"

ఆమె పళ్లు పటపటా కొరికి, గీత గీసిన బోల్టుకే పానా తగిలించి తిప్పింది. నల్లటి ఆయిల్ బొళబొళా కింద పెట్టిన తొట్టిలోకి దూకింది. మణికట్టు మీద రవ్వంత చురుక్కుమంది గానీ ఆమె కిక్కురుమనలేదు. ఆయనకు ఆ సంతోషం ఇవ్వదలుచుకోలేదు.

"బోల్టు తొట్టిలో పడేశావా?"

"లేదు!"

"పడేస్తావు!"

ఆమె లోపల్నుంచే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బోల్టు మళ్లీ బిగించేసరికి ఇరవై మూడు తిట్లయ్యాయి. బోల్టు తక్కువ బిగిస్తుందని ఒకటి, ఎక్కువ బిగించి మర చెడగొడుతుందని ఇంకొకటి. ఫిల్టరు ఊడదీసేసరికి ముప్పై రెండు. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకు ఆయిల్ రాయడం మరిచిపోతుందని ఒకటి పడగానే ఆమె విసురుగా బండి కిందనుంచి బయటికొచ్చింది. ముక్కు మీద మసి, చేతిలో పానా.

"మావయ్యా, ఇంకొక్క మాటన్నారంటే ఇది మీ చేతిలో పెట్టి లోపలికి పోతాను!"

"పోతావు. నాకు తెలుసు. సగం పని వదిలేసి పోయే మనిషివే నువ్వు. పనంటే భయముందా?"

"పోను!" అని అరిచి ఆమె మళ్లీ బండి కిందకు దూరింది.

మొత్తానికి కొత్త ఫిల్టరు ఎక్కింది. కొత్త ఆయిల్, డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసింది. నలభై తిట్లు పూర్తయ్యాయి. కోడలు డ్రైవరు సీట్లో కూర్చుని, మామగారి వైపు గెలిచినట్టు చూసి, తాళం తిప్పింది.

ఇంజను మోగింది. ఆ వెంటనే కింద ఏదో చప్పుడైంది.

"ఆపు! ఆపెయ్!"

ఆపేసింది. ఆ నాలుగు క్షణాల్లోనే కొత్త ఆయిల్ చాలా మటుకు కక్కేసినట్టు నేల మీదికి వచ్చిపడింది. పచ్చగా మెరుస్తూ, ఆసుపత్రి దుప్పట్ల మూటలున్న షెడ్డు గడప వైపు పాకుతోంది. మొగుడు పరుగెత్తుకొచ్చి, చూసి, మూటలు లోపలికి లాక్కుని తలుపేసుకున్నాడు. కోడలు కింద దూరి ఫిల్టరు విప్పింది. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే ఈమె కొత్తది బిగించింది. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవలేక పక్కకు జరిగిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం తర్వాత అంగడి తీయరు. ఆయిల్ లేదు. పొద్దున ఏడింటికి ఆసుపత్రి గేటు. అన్నిటికంటే ఘోరమైన సంగతి ఇంకొకటి ఆమెకు తట్టింది.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారికీ అదే తట్టింది. "దీనికి తిట్టారా?" అంది మెల్లగా.

"లేదత్తయ్యా."

"అయ్యో!"

ఆ ఇంట్లో ముందుగా తిట్టని తప్పు జరగడం అదే మొదటిసారి. ఇప్పుడు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మామగారు కర్ర ఆన్చి, మోకాళ్లు కటకటమంటుండగా లేచారు. ఆమె బండి కిందనుంచి బయటికొచ్చి తల వంచుకుని కూర్చుంది. ఆయన ఆయిల్లోనే చతికిలబడి, భుజం మీది గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"తుడుచుకో."

"తిట్టండి మావయ్యా."

"ఎందుకు?"

"దీనికి ముందు తిట్టలేదుగా."

"అది నా తప్పు. పాత ఫిల్టరు ఊడగానే దాని రింగు దానితో వచ్చిందో లేదో చూడమనాలి. నలభై చెప్పి అదొక్కటే మరిచిపోయాను, ముసలి వెధవని!" అని తన నెత్తి మీద తనే ఒకటి వేసుకున్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "నేను కొత్తలో ఒక బస్సుకు కింది బోల్టు పెట్టకుండానే పైన ఆయిల్ పోశాను. మా మేస్త్రీ అందరి ముందూ నిలబెట్టి గంటసేపు తిట్టాడు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. నెల్లాళ్లు పానా పట్టుకుంటే చెయ్యి వణికేది. తప్పు చేసినవాడు అప్పటికే లోపల తనను తాను తిట్టుకుంటూ ఉంటాడమ్మాయ్. మధ్యలో మనం దూరడమెందుకు? అందుకే నా పని నేను ముందే కానిచ్చేస్తాను."

కోడలు గుడ్డతో చేతులు తుడుచుకుంది. "అంగడి మూసేసుంటారు మావయ్యా" అంది.

"నా మంచం కింద సంచి ఉంది. తీసుకురా."

సంచి తెచ్చి విప్పింది. ఇంకో ఆయిల్ డబ్బా. ఇంకో ఫిల్టరు. ఇంకో బోల్టు. ఒక పాత గుడ్డల కట్ట. అడుగున కాలిన గాయాలకు రాసే మందు గొట్టం. ఆమె మణికట్టు మీది ఎర్రమచ్చ చూసుకుంది. నీలం కప్పు గుర్తొచ్చింది. ఆ మసి మొహంతోనే నవ్వొచ్చేసింది.

"ఏ తప్పు చేస్తావో తెలియలేదు గానీ, ఏదో ఒకటి చేస్తావని తెలుసు" అన్నారు మామగారు. "మందు రాసుకో ముందు. మొద్దు!"

రెండోసారి ఆయన ఒక్క తిట్టూ తిట్టలేదు. అతుక్కున్న రింగు ఒలిచేసి, కొత్త ఫిల్టరు బిగిస్తుంటే ఆ నిశ్శబ్దం ఆమెకు భయం పుట్టించింది.

"ఏదైనా అనండి మావయ్యా."

"బాగానే చేస్తున్నావు!" అని కసిరారు.

ఇంజను నడిచింది. పది నిమిషాలు నడిచినా కింద పరిచిన అట్ట మీద ఒక్క చుక్క పడలేదు.

సోమవారం పొద్దున కోడలు దుప్పట్లతో బయల్దేరుతుంటే మామగారు గేటు దగ్గర కళ్లెర్రజేసి నిలబడ్డారు.

"సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఈ స్తంభానికి గుద్దుతావు! ఆసుపత్రి వాళ్లు మెచ్చుకున్నారన్న సంబరంలో ముందేముందో చూడవు! కళ్లు నెత్తికెక్కుతాయి!"

ఆమె స్తంభం వైపు చూసింది. దాని చుట్టూ పాత టైరొకటి, కొత్త తాడుతో కట్టి ఉంది. నిన్న రాత్రి పడుకునేటప్పుడు అది అక్కడ లేదు.

"సరే మావయ్యా" అంది.

ఏడుకు పది నిమిషాల ముందే ఆసుపత్రి గేటు దాటింది. వాళ్లు మెచ్చుకున్నారు కూడా. సాయంత్రం వీధి మలుపు తిరిగి ఇంటి గేటులోకి వస్తూ, ఆమె ముందేముందో స్పష్టంగా చూసింది. అంత తిట్టూ వృథాగా పోవడం ఇష్టం లేక, బండిని మెల్లగా పక్కకు తిప్పి, బంపరును ఆ టైరుకు నెమ్మదిగా ఆనించింది.

ధబ్ మని చిన్న చప్పుడైంది. లోపల పేపరు పేజీ తిరిగింది.

"పొద్దున్నే తిట్టేశాను, టీ చల్లారిపోతోంది రా!" అన్నారు మామగారు.