నాగలక్ష్మి అడిగిన మసాజ్ గన్

2022 చివరికి బందరులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి తొమ్మిదేళ్ళయింది. రెండు గదులు, మూడు మంచాలు, కాళ్ళ వ్యాయామానికి ఒక సైకిలు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళు అరిగినవాళ్ళు, పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్ళు. ఆటలాడేవాళ్ళు తక్కువ. ఆ తక్కువమందిలో నాకు బాగా ఇష్టమైన మనిషి నాగలక్ష్మి.

ఆమెది దివిసీమలో పాలకాయతిప్ప వైపు సముద్రపొడ్డు పల్లె. ఇంటిల్లిపాదీ చేపల వేట మీద బతికేవాళ్ళు. పొద్దున్నే తల్లితో పాటు పడవల దగ్గరికి వెళ్ళి చేపలు ఏరేది, సాయంత్రం కబడ్డీ ఆడేది. కూతకు వెళ్తే ఉత్తచేతులతో తిరిగి రావడం అరుదని ఆ చుట్టుపక్కల పేరు. ఊళ్ళో ఆడపిల్లల జట్టును నడిపేది ఆమె అక్క భర్త వెంకటేశ్వర్లు. ఒకప్పుడు తనూ ఆడినవాడే. చేపల వ్యాను తోలుకుంటూ మిగిలిన సమయమంతా జట్టుకే పెట్టేవాడు.

అంతకు ఏడాది ముందు చీలమండ బెణికి నాగలక్ష్మి నా దగ్గరికి వచ్చింది. వాచినచోట నొక్కుతుంటే ఎవరైనా కాలు లాగేసుకుంటారు. ఆమె కదల్లేదు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"ఉందండి. మీరు కానివ్వండి."

అదీ ఆమె పద్ధతి. చెప్పిన వ్యాయామం చెప్పినన్నిసార్లు చేసేది. ఒక ప్రభుత్వ శాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు పడబోతున్నాయని, వయసు ప్రకారం తనకు అదే ఆఖరి అవకాశమని అప్పుడే చెప్పింది.

సరిగ్గా ఆ రోజుల్లో మసాజ్ గన్‌ల మోజు మా వైపు వచ్చింది. తుపాకీ ఆకారంలో చిన్న మోటారు యంత్రం అది. ముందున్న బంతిలాంటి తల నిమిషానికి వేలసార్లు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ కండను అదురుస్తుంది. బాగా ఆడిన మర్నాడు తొడలు, పిక్కలు పట్టేసినట్టుంటాయి చూడండి, ఆ నొప్పికి కాసేపు సుఖంగా ఉంటుంది. అంతకు మించి దాని నుంచి పెద్దగా ఆశించకూడదు. కానీ జనం ఆశించారు. షటిల్ ఆడే బ్యాంకు ఉద్యోగులు, పొద్దున్నే పరిగెత్తే లెక్చరర్లు, గుడివాడలో జిమ్ నడిపే ఒకాయన, అందరూ నాకే ఫోన్ చేసేవాళ్ళు. ఏది కొనాలి మేడమ్ అని.

నాకు అలా అడిగించుకోవడం బాగుండేది. అది దాచను. చూడాల్సింది ఆంప్లిట్యూడ్, అంటే తల ఎంత దూరం ముందుకొచ్చి కొడుతుందన్నది. పైకి ఒకేలా కనిపించే రెండిట్లో ఒకటి చర్మాన్ని గిలిగింత పెట్టి ఊరుకుంటుంది, ఇంకోటి లోపలి కండ దాకా వెళ్తుంది. తర్వాత స్టాల్ ఫోర్స్, అంటే గట్టిగా అదిమినా మోటారు ఆగిపోకుండా తట్టుకునే బలం. ఇవన్నీ అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పలేక ఒక మెసేజ్ రాసి ఫోన్‌లో దాచుకున్నాను. ఆటలాడేవాళ్ళయితే లోతుగా కొట్టేది తీసుకోండి, ఎముక మీదా మెడ మీదా పెట్టకండి, కండ గట్టిగా ఉన్నచోట కాస్త ఎక్కువసేపు ఉంచండి అని అందులో ఉండేది. ఎవరడిగినా అదే పంపేదాన్ని.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం నాగలక్ష్మి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఒక పెద్దాయన నడుముకు కరెంటు ప్యాడ్లు అంటిస్తూ విన్నాను. తొడ పట్టేసిందని, వాళ్ళ బావ మసాజ్ గన్ కొంటానంటున్నాడని, ఏది తీసుకోమంటారని. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఆ పెద్దాయన "ప్యాడ్ చురుక్కుమంటోందమ్మా" అన్నాడు. ఫోన్ పక్కన పెట్టేశాను. సాయంత్రం దాచుకున్న మెసేజ్ ఆమెకూ పంపించాను. థాంక్స్ మేడమ్ అని జవాబొచ్చింది.

నాలుగు వారాల తర్వాత బావామరదళ్ళిద్దరూ క్లినిక్‌కు వచ్చారు. గుమ్మం దాటేటప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆమె కుడికాలు మడవకుండా ఈడుస్తోంది. మంచం మీద కూర్చోబెట్టి మోకాలు మడవమంటే సగం కూడా మడవలేకపోయింది. తొడ ముందు కండలో చెయ్యి పెడితే నిమ్మకాయంత గడ్డ తగిలింది. చెక్కలా గట్టిగా ఉంది. పట్టేసిన కండ అలా ఉండదు.

"దెబ్బేమన్నా తగిలిందా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "గుడివాడ మ్యాచ్‌లో అండీ. అవతలమ్మాయి మోకాలు తొడలో దిగబడింది. మీకు మెసేజ్‌లో చెప్పాను కదండీ."

వెంకటేశ్వర్లు అందుకున్నాడు. "గన్ ఐదు నిమిషాలు పెట్టుకోవే అంటే అరగంట పెట్టుకుందండీ. పొద్దునా సాయంత్రమూ. మనం చెబితే వింటదా?"

"గట్టిగా ఉన్నచోట ఎక్కువసేపు పెట్టాలి కదా బావా. అలా పెడితే కరుగుద్దనుకున్నాను" అంది ఆమె, నేలవైపు చూస్తూ.

ఆ మాట నాదే. నా మెసేజ్‌లోదే. ఆ సంగతి చెప్పకుండా ఎక్స్‌రేకు రాసిచ్చాను.

ఎక్స్‌రేలో తొడ ఎముకకు కాస్త ఎడంగా, కండలో తెల్లటి మబ్బులాంటి మచ్చ కనిపించింది. మా వృత్తిలో దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. కండకు గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినప్పుడు, ఒక్కోసారి ఆ గడ్డ కరగాల్సింది పోయి ఎముకగా మారడం మొదలెడుతుంది. అందుకే దెబ్బ తగిలిన కండను మొదటి రోజుల్లో మర్దనా చెయ్యకూడదు, కాపడం పెట్టకూడదు, బలవంతంగా సాగదీయకూడదు. ఇది మాకు కాలేజీలోనే నేర్పే పాఠం. అలాంటి కండ మీద ఆమె నాలుగు వారాలు రోజుకు గంట చొప్పున యంత్రంతో కొట్టుకుంది. మెత్తగా కొట్టేది కొన్నా ఇంత నష్టం ఉండేది కాదేమో. లోతుగా కొట్టేదాన్ని ఏరి కొన్నారు, నేను చెప్పినట్టే.

ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "దెబ్బే పెద్దది. గన్ లేకపోయినా వచ్చేదేమో, ఎవరు చెప్పగలరు" అన్నారు. తర్వాత చాలా రోజులు నేను ఆ మాటనే పట్టుకుని వేలాడాను.

"ఉద్యోగాల సెలెక్షన్‌కి ఇరవై మూడు రోజులుందండీ" అంది నాగలక్ష్మి, డాక్టరు దగ్గర్నుంచి తిరిగి క్లినిక్‌కు వచ్చాక. "ఈలోగా తగ్గుద్దా?"

"తగ్గదమ్మా. ఆ ఎముక ముదిరి, స్థిరపడటానికే నెలలు పడుతుంది. ఇప్పుడు ఆడితే ఇంకా పెరుగుతుంది."

 వెంకటేశ్వర్లు కుర్చీలోంచి లేచిపోయాడు. "నోటికాడికొచ్చిన ఉద్యోగం. ఆరేళ్ళ కష్టం. అంతా అతి చేసి పాడుచేసుకున్నావు కదే" అన్నాడు. కోపం కన్నా ఏడుపే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. ఆ గదిలో తప్పెవరిదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఫైలులో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

వద్దన్నా ఆమె సెలెక్షన్‌కు వెళ్ళింది. తర్వాత తనే చెప్పింది. కాలికి గట్టిగా కట్టు కట్టుకుని కూతకు వెళ్ళిందట. అవతలివాళ్ళు చుట్టుముట్టినప్పుడు వెనక్కి తన్ని గీత మీదికి దూకాలి. కాలు మడవలేదు. నిలుచున్నచోటే పట్టేసుకున్నారు. రెండోసారి పంపలేదు.

"పేపర్లో ఏదో టిక్కు పెట్టుకున్నాడండీ, సెలెక్షన్ చేసే ఆయన. ఇంకో పేరు పిలిచాడు" అంది. అంతే.

ఆ రోజు రాత్రి ఆమె పాత వాయిస్ మెసేజ్ తీసి మొదటిసారి పూర్తిగా విన్నాను. నిమిషం కూడా లేదు. "మేడమ్ గారూ, తొడ పట్టేసిందండీ. బావ మసాజ్ గన్ కొంటానంటున్నాడు. ఏది తీసుకోమంటారు? మొన్న గుడివాడలో మోకాలు తగిలి నల్లగా కమిలిందండి, వాపు కూడా ఉంది. దాని మీద పెట్టొచ్చంటారా?" అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. నేను అంతవరకూ వినలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె వారానికి రెండుసార్లు బస్సెక్కి బందరు వచ్చేది. నొప్పి పుట్టనంత మేరకు మెల్లగా మోకాలు మడవడం, తొడ బిగించి వదలడం, నీరసపడ్డ కండకు బలం తేవడం. ఫీజు తీసుకోలేదు. ఆమె దాన్ని నా మంచితనం అనుకుంది. ఎండు రొయ్యలు కాగితంలో చుట్టి తెచ్చేది. వద్దంటే టేబుల్ మీద పెట్టేసి వెళ్ళిపోయేది. ఇంట్లో ఆ రొయ్యలు వండి మావాళ్ళకు పెట్టాను గానీ నేను తినలేకపోయాను.

మే నెలలో ఒకరోజు, మోకాలి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఒకావిడ పక్క మంచం మీద భయపడుతుంటే, నాగలక్ష్మి ఆవిడకు ధైర్యం చెబుతోంది. "ఏం కాదు పిన్నిగారూ. ఈ మేడమ్ గారు లేకపోతే నా కాలు ఏమైపోయేదో. నేను చేజేతులా చేసుకున్నదాన్ని ఈవిడ బాగుచేస్తున్నారు."

ఆ ఆదివారం చర్చిలో అందరితో పాటు తప్పులు ఒప్పుకునే ప్రార్థన చెబుతూ మధ్యలోనే ఆపేశాను. తర్వాతిసారి ఆమె వచ్చినప్పుడు లోపలి గదిలో కూర్చోబెట్టి ఆ మెసేజ్ వినిపించాను. చివరి మాట దాకా.

"నేను ఇది సగమే విన్నాను నాగలక్ష్మీ. మొత్తం వినుంటే అసలు గన్ పెట్టొద్దనేదాన్ని. ఆ రోజే నిన్ను రమ్మనేదాన్ని. గట్టిగా ఉన్నచోట ఎక్కువసేపు అన్నది దెబ్బ తగలనివాళ్ళకు రాసింది. తప్పు నీది కాదు, నాది."

ఆమె నా ఫోన్‌ను టేబుల్ మీద బోర్లించింది.

"ఎప్పుడు తెలిసిందండీ మీకు?"

"నువ్వు వచ్చిన రోజే అర్థమైంది. సెలెక్షన్ అయ్యాక మొత్తం విన్నాను."

"అంటే బావ నన్ను తిడుతున్నప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"ఉద్యోగం సంగతి వదిలెయ్యండి" అంది. గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మా బావ చెప్పాడండీ, నా అతి వల్లే పోయిందని. మా అమ్మ చెప్పింది. నేనూ అదే అనుకున్నాను. ఈ ఐదు నెలలూ అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాలేదు. అప్పుడే ఒక్క మాట అనుంటే సరిపోయేది కదండీ."

 ఆమె తన ఫోన్ తీసి వెంకటేశ్వర్లుకు కలిపి, స్పీకర్ ఆన్ చేసి నా ముందు పెట్టింది. "చెప్పండి" అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. అవతల వ్యాను ఇంజను శబ్దం ఆగింది. "అలాగే మేడమ్ గారూ" అన్నాడు. ఇంకేమీ అడక్కుండా పెట్టేశాడు.

నాగలక్ష్మి సంచి భుజానికి తగిలించుకుంది. ఇంట్లో చేసుకోవాల్సిన మిగతా వ్యాయామాలు కాగితం మీద రాసిమ్మంది. ఇచ్చాను. ఒక్కో వరుస అడిగి తెలుసుకుని మడిచి పెట్టుకుంది. మళ్ళీ రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను. "కాలు బానే ఉందండీ" అని చెప్పి పెట్టేసేది. మూడోసారి చెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ ఏడాది చివరికి మోకాలు దాదాపు పూర్తిగా మడుస్తోందని, అవనిగడ్డ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పుతోందని ఎవరి ద్వారానో విన్నాను. ఆమె వయసుకు ఆ ఉద్యోగాల తలుపు అప్పటికే మూసుకుపోయింది.

దాచుకున్న ఆ మెసేజ్‌ను ఎప్పుడో తీసేశాను. ఇప్పుడు మసాజ్ గన్ గురించి ఎవరడిగినా ముందు నేనే అడుగుతాను, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, దెబ్బ తగిలిందా, వాచిందా, కమిలిందా అని. సగంమందికి విసుగొస్తుంది. ఒక వస్తువు పేరు చెప్పమంటే ఇన్ని ప్రశ్నలా అంటారు. ప్రశ్నలు అడగడం నేర్చుకోవడం తేలికే. తప్పు తెలిసిన రోజునే నోరు తెరవడం నేర్చుకున్నానో లేదో ఇంకా చెప్పలేను. అలాంటి రోజు మళ్ళీ వస్తే గానీ తెలియదు.

పోయిన ఏడాది ఒక కబడ్డీ అమ్మాయి పిక్క నొప్పితో తల్లిని వెంటబెట్టుకుని క్లినిక్‌కు వచ్చింది. కోడూరు దగ్గర్నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఇంత దూరం ఎవరు పంపారని అడిగాను.

"మా నాగలక్ష్మి టీచరండీ" అంది ఆ తల్లి. "బాగా చూస్తారు, వెళ్ళమన్నారు. ఫోన్‌లో మాత్రం అడగొద్దన్నారండీ. ఎదురుగా కూర్చుని, ఆవిడ విన్నారో లేదో చూసుకుని చెప్పమన్నారు."