మల్వీనా కోసం చూసిన మూడో బడి

గ్రజీనా ఏ గదిలోకి వెళ్లినా ముందు మూలలు చూస్తుంది. ఇరవై రెండేళ్లుగా జిల్లా ఆసుపత్రిలో నేల తుడుస్తున్న మనిషి. గది మధ్యలో ఎవరైనా తుడుస్తారు, తలుపు వెనక తుడిచేవాళ్లే నిజాయితీ గలవాళ్లని ఆమె నమ్మకం. ఈ నమ్మకం గురించి మా ఊళ్లో నవ్వుకోని వాళ్లు లేరు. ఎవరింట్లోనైనా పేరు పండగకి, అంటే తమ పేరున్న సెయింటు రోజు విందుకి, పిలిస్తే, "గ్రజీనా వస్తోంది, తలుపుల వెనక ఓసారి చూసుకోండర్రా" అని ఆటపట్టించేవాళ్లు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. లోపలికి వస్తూనే తలుపు వెనక్కి మాత్రం ఓ చూపు వేసేది.

ఆమె మొగుడు తదేక్ ప్రభుత్వ గుర్రపుశాలలో పనిచేసేవాడు. ఆ శాల మూతపడ్డాక మనిషి కూడా మూతపడ్డట్టే అయ్యాడు. కూతురు మల్వీనాకి తొమ్మిదేళ్లు నిండకుండానే గుండె ఆగి పోయాడు. ఆస్తి అంటూ ఏమీ మిగల్చలేదు గానీ, పిల్లకి గుర్రాల పిచ్చి మాత్రం బాగా అంటించి పోయాడు. గ్రజీనాకేమో గుర్రమంటే హడల్. మొగుడు బతికున్న రోజుల్లో కూడా శాల గేటు దాటి లోపలికి వెళ్లింది లేదు.

మల్వీనా బడికి వెళ్లే ముందు పొరుగు రైతు కొట్టంలో పేడ ఎత్తేది. దానికి బదులుగా ఆయన తన ఎర్రగుర్రం ఎక్కనిచ్చేవాడు. మా వైపు నవంబరు మొదట్లో నక్క పరుగు అని పెడతారు. ముందు పరిగెత్తే రౌతు భుజానికి నక్కతోక కట్టుకుంటాడు, వెనక తరిమేవాళ్లలో అది ఎవరు లాక్కుంటే వాళ్లే గెలిచినట్టు. పద్నాలుగేళ్లప్పుడు మల్వీనా పదహారు మంది మగాళ్లను దాటి ఆ తోక లాక్కుంది. ఆ సాయంత్రం గ్రజీనా కూతుర్ని తిట్టింది, ముద్దు పెట్టుకుంది, మళ్లీ తిట్టింది.

ఎనిమిదో తరగతి అయిపోవచ్చింది. ఊళ్లో బడి అంతవరకే, ఇక ఏదో ఒక బడి చూడాలి.

"మా ఆసుపత్రిలో రిజిస్టర్లు రాసే అమ్మాయిలు హాయిగా కూర్చుని పని చేసుకుంటారే. అలాంటి చదువు చదవకూడదూ?" అంది గ్రజీనా.

"నేను కూర్చుంటే గుర్రం మీదే కూర్చుంటా."

"మీ నాన్నా ఇలాగే అన్నాడు. చివరికేం మిగిలింది?"

"నేను మిగిలాగా," అంది మల్వీనా రొట్టె నములుతూ.

గ్రజీనా మర్నాటి నుంచే గుర్రాల బడుల గురించి వాకబు మొదలెట్టింది. మార్చి నెలలో బడులన్నీ ఒకరోజు తలుపులు తెరిచి, రాబోయే పిల్లల్ని, తల్లిదండ్రుల్ని లోపల చూడనిస్తాయి. గుర్రాల పెంపకం నేర్పి, హాస్టల్లో ఉంచుకునే బడులు మూడు తేలాయి.

మొదటిది రాజధాని పక్కన, డబ్బున్నవాళ్లది. ఫీజు ఎంతో ఫోన్లో విని గ్రజీనా మర్యాదగా థాంక్స్ చెప్పి పెట్టేసింది. రెండోది ప్రభుత్వానిదే, బస్సులో గంటన్నర ప్రయాణం. చదువు ఉచితం గానీ స్వారీ పాఠాలు పక్కనున్న క్లబ్బులో, వాటికి వేరే కట్టాలి. అదంతా కలిపితే ఆమె జీతంలో మూడో వంతు పోతుంది. హాస్టల్ పై అంతస్తులోనే ఒక నర్సు కాపురం ఉంటోంది, ఆవిడే ఎదురొచ్చి అన్నీ చూపించింది. గ్రజీనా స్నానాల గదిలో వంగి మూల చూసింది. నల్లగా బూజు.

మూడోది చాలా దూరం, రెండు బస్సులు మారాలి. గుర్రాలు బడివే, జీనులు బడివే, ఆఖరికి తలకి పెట్టుకునే హెల్మెట్ కూడా బడిదే. మంచానికి ఇచ్చేది నామమాత్రం, తిండికి పెద్ద ఖర్చు లేదు. మల్వీనా శాలలోకి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. గ్రజీనా హాస్టల్లో రేడియేటర్ వెనక వేలు పెట్టి చూసింది. మరుగుదొడ్డి తలుపు వెనక్కి వంగింది. హాస్టల్ వార్డెన్ వెనకే నిలబడి ఓపిక పట్టి చూసి, చివరికి అడిగింది.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"మురికి."

"దొరికిందా?"

"లేదు," అంది గ్రజీనా, కాస్త నిరాశగానే.

"పిల్లలకి ఒంట్లో బాగోలేకపోతే?" అని కూడా అడిగింది, అడగలేదని మనం అనకూడదు. నర్సు మంగళవారం, శుక్రవారం వస్తుందని చెప్పారు. రెండో బడిలో నర్సు ఉంది, బూజూ ఉంది. మూడో బడిలో రోజూ ఉండే నర్సు లేదు, బూజూ లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి తల ఆనించి గ్రజీనా రెండింటినీ అటూ ఇటూ వేసి చూసుకుంది. పక్కన మల్వీనా అరచేతులు వాసన చూసుకుంటోంది. గుర్రం వాసన పోతుందని మధ్యాహ్నం నుంచీ చేతులు కడుక్కోలేదు. ఆ చేతులు చూశాక గ్రజీనా మూడో బడి ఖాయం చేసింది.

సెప్టెంబరు ఒకటిన దిగబెట్టి వచ్చింది. మంచం కిటికీ పక్కన దొరికింది. పక్క మంచం దగ్మారా అనే పిల్లది, బొగ్గు గనుల వైపు నుంచి వచ్చింది, ఎత్తుగా, నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. రోజూ సాయంత్రం మల్వీనా ఫోన్ చేసేది. ఏ గుర్రం ఏ కాలు ఎత్తదో, ఏది జేబులు వెతుకుతుందో చెప్పేది. తల్లికి సగం అర్థమయ్యేది కాదు, అయినా ఊకొట్టేది. పిల్ల గొంతులో సంతోషం వింటుంటే నడుం నొప్పి తెలిసేది కాదు.

అక్టోబరులో ఓ సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మా, పడ్డాను," అంది నవ్వుతూ.

గ్రజీనా లేచి నిలబడింది. "ఎక్కడ? దెబ్బ తగిలిందా?"

"మట్టిలో పడ్డాన్లే, ఏం కాలేదు. కేకు పంపాలి."

గుర్రాలవాళ్ల ఆచారం అది. పడినవాళ్లు తోటివాళ్లందరికీ కేకు పెట్టాలి. పెద్దవాళ్లైతే మందు సీసా పెట్టాలి, పిల్లలు గనక కేకుతో సరి. పడినందుకు ఏడుపు రాకుండా నవ్వు రావాలని ఎవరో మంచి మనసుతో పెట్టిన ఆచారమే అయ్యుంటుంది. శాలలో పలకా బలపం ఉంటాయి. పడినవాళ్ల పేరు రాస్తారు, కేకు తెచ్చాకే తుడుస్తారు. తేకపోతే కొట్టరు, తిట్టరు. పేరు మాత్రం పలక మీద అలాగే ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లలు సిగ్గుపడటానికి అంతకంటే ఏం కావాలి?

గ్రజీనా ఆదివారం పొద్దున్నే లేచి ఈస్ట్ వేసి పిండి పులియబెట్టి, పైన ప్లమ్ పళ్ల ముక్కలూ, వెన్నా చక్కెరా కలిపిన పొడీ వేసి రెండు పెద్ద పళ్లేల నిండా కేకు కాల్చింది. తరగతిలో ముప్ఫై ఒక్క మంది, పంతుళ్లు నలుగురు. అట్టపెట్టెలో సర్ది బస్సు డ్రైవరు చేతికిచ్చింది. అతను దాన్ని రెండో బస్సు డ్రైవరుకి అందించాడు. "మీ అమ్మ కేకు కోసమైనా రోజూ పడవే అంటున్నారమ్మా అందరూ," అని మల్వీనా ఫోన్ చేసింది. గ్రజీనా ఆ మాట ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంది.

నవంబరులో మల్వీనా రెండోసారి పడింది. ఆ వారం ఇంకో పనిమనిషి సెలవు పెట్టడంతో గ్రజీనా రెండంతస్తులూ ఒక్కతే తుడిచింది. వెన్న ధర క్రిస్మస్ ముందు ఎప్పటిలాగే కొండెక్కి కూర్చుంది. ఫోన్ ఎత్తేసరికి వంగిన నడుం ఇంకా నిటారు కాలేదు.

"ఇంకో కేకా? నేనేమైనా ఇక్కడ బేకరీ పెట్టుకున్నానే?" అంది. వెంటనే నవ్వు కలిపి, "ఈసారి పడితే ఎవరూ చూడకుండా పడు, తల్లీ. కేకు తప్పుతుంది," అంది.

మల్వీనా నవ్వింది. తల్లీ నవ్వింది. ఆదివారం కేకు కాల్చి పంపింది కూడా. అంత అలసిన మనిషి అంతకంటే మెత్తగా ఏం అంటుంది? ఏ తల్లైనా అనే మాటే.

నవంబరు ఆఖరి బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, బడి నుంచి ఫోన్ వచ్చింది. మల్వీనా లేవడం లేదని, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని చెప్పారు. గ్రజీనా తుడుపు కర్ర గోడకి ఆనించి, ఏప్రన్‌తోనే బస్సెక్కింది. ఆమె చేరేసరికి పిల్ల పుర్రె తెరిచి, లోపల చేరిన రక్తం తీసి, మళ్లీ మూసేశారు. యువ డాక్టరు ఒకడు కళ్లు కలపకుండా చెప్పాడు.

"ఎక్కడో పడి, తల గట్టిగా నేలకి తగిలినట్టుందమ్మా. అప్పుడు బాగానే ఉన్నట్టు ఉంటారు. రక్తం మెల్లగా చేరుతుంది. తగిలిన గంటలో తెచ్చుంటే…"

ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషికి మిగతాది చెప్పక్కర్లేదు. శనివారం మల్వీనా చనిపోయింది.

శవం వెంట తరగతంతా మా ఊరికి వచ్చింది. శ్మశానంలో మంచు మీద వరసగా నిలబడ్డారు, స్వారీ కోట్లతో. హెడ్‌మాస్టర్ పెద్దమనిషి, నిజంగానే ఏడ్చాడు. గ్రజీనా అతని కోటు చెయ్యి పట్టుకుంది.

"ఎప్పుడు పడింది?"

"తెలియదమ్మా. ఆ రోజు స్వారీ పాఠం లేదు. ఎవరూ చూడలేదు."

"పడితే చెప్పదా? నోరున్న పిల్లే నా పిల్ల."

"ఎవరికీ చెప్పలేదమ్మా."

ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న గ్రజీనా గుండెలో ముల్లులా దిగబడింది. డిసెంబరంతా అదే. పోలీసులు ఓ కాగితం రాసుకుని వెళ్లారు, అందులోనూ ఎప్పుడు, ఎందుకు అన్న చోట ఖాళీయే. ఆమె నర్సులేని బడికి పంపినందుకు తనను తిట్టుకుంది, బూజు చూసి రెండో బడి వద్దనుకున్నందుకు తిట్టుకుంది. కానీ నర్సు ఉన్నా, చెప్పని పిల్లకి ఏం చేస్తుంది? ఎందుకు చెప్పలేదు? నేల తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, కర్ర పట్టుకుని అలా నిలబడిపోయేది. మిగతా పనివాళ్లు ఆమె చుట్టూ తప్పుకుని నడిచేవాళ్లు.

జనవరి రెండో శనివారం మధ్యాహ్నం తలుపు తట్టింది మల్వీనా పక్క మంచం పిల్ల దగ్మారా. చెప్పకుండా వచ్చింది. బాగా చిక్కిపోయింది, కోటు వదులుగా వేలాడుతోంది. గ్రజీనా కూర్చోబెట్టి, బార్లీ సూపు గిన్నెలో పోసి ముందు పెట్టింది. పిల్ల చెంచా ముట్టుకోలేదు.

"తినమ్మా, చల్లారిపోతుంది."

"తినలేనాంటీ. నెల రోజుల్నించి నాకు తిండి దిగట్లేదు." చేతులు బల్ల కింద పెట్టుకుని, చెంచాని చూస్తూ చెప్పింది. "నాకు తెలుసాంటీ. తను పడటం."

గ్రజీనా పొయ్యి కట్టేసి ఎదురుగా కూర్చుంది.

"ఆ బుధవారం పొద్దున గుర్రాలకి మేత వేసే వంతు తనది. బూడిదరంగు గుర్రాన్ని పొలంలో వదలడానికి జీను లేకుండా ఎక్కి వెళ్లింది. కాస్త దూరమేగా, అందరం అలాగే వెళ్తాం, హెల్మెట్ పెట్టుకోం. నేల గడ్డకట్టి ఉంది. టిఫిన్ దగ్గరికి వచ్చినప్పుడు వీపంతా మట్టి. పడ్డావా అన్నాను. పడ్డాను, ఎవరికీ చెప్పకు అంది."

"ఎందుకు చెప్పొద్దంది?"

"కేకు కోసం. 'ఎవరూ చూడకుండా పడ్డా, కేకు తప్పింది' అని నవ్వింది. నేనూ నవ్వాను." దగ్మారా తల వంచుకుంది. "రెండో పీరియడ్‌లో తలనొప్పి అంది. వార్డెన్‌కి చెప్దామన్నాను. చెప్తే పలక మీద రాస్తారు, వద్దంది. పడుకుంటే పోతుందంది. నేనే దుప్పటి కప్పాను. కప్పేసి క్లాసుకి పోయానాంటీ. పోలీసులు అడిగితే నాకేం తెలీదన్నాను. నేను చెప్పుంటే బతికేది."

నలభై రోజులుగా గ్రజీనా వెతుకుతున్న జవాబు ఎదురుగా వచ్చి కూర్చుంది, దాని ముఖం తన ముఖమే. ఆ మాట మల్వీనా సొంత మాట అనుకుంటోంది ఈ పిల్ల. అసలది ఎవరిదో తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఒకరు మట్టిలో ఉన్నారు. నోరు మూసుకుంటే చాలు, ఈ పిల్ల తన తప్పే అనుకుంటూ వెళ్లిపోతుంది. ఒక్క క్షణం గ్రజీనా నిజంగానే నోరు మూసుకుంది. అబద్ధం నేనెందుకు చెప్పాలి, ఆ క్షణం ఆమెకి హాయిగా కూడా అనిపించింది.

అప్పుడు వదులు కోటులోంచి పైకి కనిపిస్తున్న దగ్మారా మెడ చూసింది. కర్రపుల్లలా ఉంది.

"నీ తప్పు కాదమ్మా," అంది.

"అందరూ అలాగే అంటారాంటీ, తెలిస్తే."

"ఓదార్చడానికి అనట్లేదు. విను. ఎవరూ చూడకుండా పడు, కేకు తప్పుతుంది అన్నది నేను. రెండోసారి పడ్డప్పుడు ఫోన్లో అన్నాను. వేళాకోళానికే అన్నాను, కానీ వెన్న ఖర్చు చూసే అన్నాను. మల్వీనా నా మాట పట్టుకుంది. నువ్వు వార్డెన్ దగ్గరికి పోతానన్నా ఆపింది ఆ మాటే. ఎవరైనా అడిగితే వాళ్లమ్మే అందని చెప్పు. పోలీసులకీ చెప్పు."

దగ్మారా తలెత్తి చూసింది. "నిజంగా అన్నారా?"

"అన్నాను."

పిల్ల చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది, అబద్ధమేమో అని వెతికింది. దొరకలేదు. మీ తప్పు కాదాంటీ అనలేదు. పదిహేనేళ్ల పిల్లకి ఆ మర్యాద ఇంకా తెలియదు. బిగబట్టుకున్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. బల్ల కింద నుంచి చెయ్యి పైకి వచ్చింది, చెంచా అందుకుంది. చల్లారిన సూపు ఒక గుక్క తాగింది, ఇంకో గుక్క తాగింది. తర్వాత రొట్టె తుంచి గిన్నె అడుగు తుడిచింది.

గ్రజీనా అంతా చూస్తూ కూర్చుంది.

"ఇంకాస్త పొయ్యనా?"

"పొయ్యండాంటీ," అంది దగ్మారా.