అవ్వ ముద్దలో కిరసనాయిలు వాసన

నా చిన్నప్పుడు, ఎనిమిదో తొమ్మిదో ఏట, మా ఇంట్లో పూటపూటకూ నా ముక్కుకు పని పడేది. పత్తికొండ దగ్గర పల్లె మాది. అప్పటికి ఊళ్లో కరెంటు లేదు, అన్ని ఇళ్లలోనూ కిరసనాయిలు దీపాలే. ఆ చలికాలం మా అవ్వకు పెద్ద జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. తగ్గిన వారానికే ఆమెకు సంగటిలో కిరసనాయిలు వాసన రావడం మొదలైంది. తర్వాత మజ్జిగలో, చివరికి తాగే నీళ్లలో కూడా.

వండేది మా అమ్మ. కోడలు వండింది అత్త తినలేకపోతే ఊరు ఏమనుకుంటుందో చెప్పనక్కర్లేదు. అమ్మ కిరసనాయిలు డబ్బాను గొడ్ల కొట్టంలోకి మార్చింది. దీపం ముట్టించిన చేతిని బూడిదతో రుద్ది రుద్ది కడిగేది. అయినా అవ్వ ముద్దను నోటిదాకా తెచ్చి దించేసేది. చిన్నపిల్లల ముక్కు తప్పు చెప్పదని మా తాత నన్ను పిలిచేవాడు. నేను పళ్లెంలో ముక్కు పెట్టి, వీధికి వినబడేలా "ఏం వాసనా రాలే!" అనేదాన్ని. అమ్మను గెలిపిస్తున్నానని నాకు గర్వం. అవ్వ ఆకలితో చిక్కిపోతోందన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు.

ఒకరోజు తాత పక్కింటి అక్కతో సంగటి చేయించి తెచ్చాడు. అందులోనూ అదే వాసన. తప్పు కోడలిది కాదని, తేడా తనలోనే ఉందని తేలగానే అవ్వ బెదిరిపోయింది.

కర్నూలు తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించారు. ఆయన ముక్కులో లైటు వేసి చూశాడు. పన్ను పుచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, మూర్ఛలు వస్తాయా అని అడిగాడు. అవేవీ లేవు. జలుబు వల్ల వాసన తెలిపే నరం చెడి ఉండొచ్చన్నాడు. మెదడులో ఇంకేదైనా ఉన్నా తను చూడలేనన్నాడు. "ఆమెకు మాత్రం వాసన నిజంగానే వస్తాండాదప్పా" అని తాతకు గట్టిగా చెప్పాడు. ఇచ్చిన చుక్కల మందు అయిపోయింది, వాసన పోలేదు.

ఎండలు ముదిరేసరికి అవ్వ గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఆమె ముద్ద దించేసి తల వంచుకుంది. అమ్మ పక్కన కూర్చుని, అదే పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి వాసన చూసింది.

"అవునత్తా, నాకూ వస్తాండాది. ఇద్దరం ముక్కు మూసుకోని తిందాం పా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నేను కాపాడుతూ వచ్చిన అమ్మ, లేని తప్పును తనే నెత్తిన వేసుకుంది!

అవ్వ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ముక్కు మూసుకుని నాలుగు ముద్దలు తింది. తర్వాత నా వైపు తిరిగి, "నీకు వస్తాండాదా, పాపా?" అని అడిగింది.

"రాలే" అన్నాను మొండిగా.

"నువ్వు నిజమే చెప్తాండావులే తల్లీ" అని నా తల నిమిరింది. మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు.

అవ్వ ఆ వేసవి దాటలేదు. అమ్మ అబద్ధం జబ్బును తగ్గించలేదు, తగ్గించడం మాలో ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఆ రోజు నుంచి అవ్వ ఒక్క పూట కూడా ఒంటరిగా పళ్లెం ముందు కూర్చోలేదు.

ఈ వయసులో కూడా ఎవరైనా నాకు తెలియని బాధ చెప్పుకుంటే, ముందుగా ఆ "రాలే" నా నాలుక చివరికి వస్తుంది. దాన్ని మింగి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.