కామాక్షమ్మ ముల్లు

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీ తీసి చూస్తే "ఎండ ఎక్కువ. మధ్యాహ్నం గోంగూర" అని మాత్రమే ఉంటుంది. ఎవరైనా చదువుతారేమోనన్న భయం కాదు. మా ఇంట్లో చదివే అలవాటు నాకొక్కదానికే ఉంది. నేనే మళ్లీ చదువుతానేమోనని భయం.

మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీకు తెలియదు. ఎదురుగా మనిషి ఉంటే నాకు నోరు పెగలదు కనుక ఈ ఏర్పాటు బాగానే ఉంది. ఇన్నేళ్లుగా గుండెల మీద బరువు అన్నానంటే ఏ దొంగతనమో అనుకునేరు. నేను ఒక కలుపు మొక్కకు పేరు పెట్టాను. అంతే. దానివల్ల ఒక మంచి మనిషి సగం జీవితం పెట్టి రాసుకున్న పని బీరువాలోకి పోయింది.

మాది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకా, జవళగేరకు దగ్గర్లో ఒక క్యాంపు. కాలువ నీళ్లొచ్చాయని విని గోదావరి వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్ల ఇళ్లను ఇక్కడ క్యాంపు అంటారు. పెంకుటిళ్లు కట్టుకున్నా, పిల్లలు పుట్టి బడికి పోతున్నా అది క్యాంపే. నన్ను మాత్రం రాయచూరు హాస్టల్లో ఉంచి పి.యు.సి. చదివించారు. అక్కడ వృక్షశాస్త్రం చెప్పిన సార్ గురించే ఇదంతా.

సార్ పాత రాయచూరు మనిషి. భుజానికి మొక్కలు వేసుకునే రేకుడబ్బా, చంకలో గొడుగు. ఆదివారం వస్తే ఏదో ఒక ఊరి గట్ల మీద వంగి కనిపించేవారు. జిల్లాలో పూచే మొక్కలన్నిటికీ ఆయన ఒక పట్టిక రాస్తున్నారు. శాస్త్రీయ నామం, కుటుంబం, ఊళ్లోవాళ్లు పిలిచే పేరు, చివర్న అది ఇక్కడిదా, బయటినుంచి వచ్చిందా అన్న మాట. కాలువ తడికి నేల మారిపోతోందని, పాత మొక్కలు పోయి కొత్తవి దిగుతున్నాయని, ఏది ఇంటిదో ఏది చుట్టమో ఇప్పుడే రాసిపెట్టకపోతే రేపు ఎవరికీ తెలియదని అనేవారు. బెంగళూరులో పెద్దలు సరేనంటే ఆ పట్టిక పుస్తకంగా అచ్చవుతుంది. ఆయన కోరుకున్నది అదొక్కటే.

సెలవుల్లో మమ్మల్ని కూడా మొక్కలు పోగుచేసి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్టల మీద కుట్టి తెమ్మన్నారు. "ఊరి పేర్లు బుక్కులల్ల జూసి రాయకున్రి. మనుషుల నోట్లకెళ్లి రావాలె" అన్నారు.

మొక్కలతో నాకు ఇబ్బంది లేదు. అవి మాట్లాడించవు. తంగేడు, తుమ్మి, ఉత్తరేణి, పల్లేరు అన్నీ అమ్మ చూడగానే చెప్పేసింది. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. కాలువ గట్టు మీద నేలబారుగా పాకే మొక్క. పసుపు పచ్చటి పువ్వు, గోరంత కూడా ఉండదు. ఆ లోటంతా కాయ తీరుస్తుంది. ఒళ్లంతా కొక్కేలు, పైన రెండు కొమ్ములు. చామంతి కుటుంబమే అంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. సముద్రం అవతలినుంచి వచ్చిందని పుస్తకంలో ఉంది. దాని శాస్త్రీయ నామం ఇక్కడ రాయను, రాస్తే తెలిసినవాళ్లు సార్ ఎవరో పోల్చుకుంటారు. క్యాంపులో అమ్మ ఎవరిని అడిగినా "మనవైపు లేదే ఇది" అన్నారు.

ఇక క్యాంపు పక్కనున్న పాత ఊళ్లోకి, మొదటినుంచీ ఇక్కడున్నవాళ్ల దగ్గరికి, వెళ్లి అడగాలి. అడగడం అంటే నాకెలా ఉంటుందో ఎలా చెప్పను? బస్సులో "ఆపండి" అనలేక తర్వాతి ఊళ్లో దిగి, వెనక్కి నడిచి వచ్చిన మనిషిని. అయినా వెళ్లాను. నింగవ్వ అనే ముసలామె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆమె ముందు నిలబడ్డాను. మొక్క నా కొంగు కింద ఉంది. ఆమె తలెత్తి "ఏం గావాలె బిడ్డా?" అంది. "మంచినీళ్లు" అన్నాను. చెంబెడు నీళ్లు ఇచ్చింది. తాగాను. "ఇంకా?" అంది. ఇంకో చెంబు తాగి ఇంటికి వచ్చేశాను.

ఖాళీగా వదిలేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ నన్ను అదే అడిగాను. వదిలేస్తే సార్ అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టి ఎందుకు అడగలేదని అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలి? నీళ్లు తాగి వచ్చానని చెప్పాలా?

అట్ట ముందు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి కామాక్షత్తయ్య వీధిలోంచి వెళుతూ నన్ను చూసింది. ఆవిడ మంచిదే. కాకపోతే ఒకసారి మోచెయ్యి పట్టుకుందంటే పెళ్లి సంబంధాలు, జాతకాలు, నా రంగు, నా జడ అన్నీ అయ్యేదాకా వదలదు. విదిలించుకుని రెండడుగులు వేస్తే కొంగు పట్టుకుంటుంది. ఆ రోజు కూడా పట్టుకుంది. ఆవిడ వదిలి వెళ్లాక చూస్తే నా పరికిణీ అంచుకి ఈ కాయలు నాలుగు వేలాడుతున్నాయి. కలం తీసి "ఊరి పేరు: కామాక్షమ్మ ముల్లు" అని రాశాను. రాసి, నాలో నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంత హాయిగా ఉందో కూడా దాచకుండా చెప్పాలి కదా.

సార్ నా అట్ట చూసి కళ్లజోడు తీశారు. తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మోరి పేరమ్మా ఇది! నిన్న మొన్న వచ్చిన మొక్కకు జనం దేవత పేరు పెడ్తరా? తరాలు పట్టే పని అది" అన్నారు. అంటే ఆయన లెక్కన పుస్తకాలన్నీ తప్పు. ఈ మొక్క సముద్రం దాటి రాలేదు, మొదటినుంచీ ఇక్కడిదే. ఎవరు చెప్పారని అడిగితే, "ఊళ్లో నింగవ్వ" అన్నాను. నా జీవితంలో సార్ అడిగిన ప్రశ్నకు అంత చురుగ్గా జవాబు చెప్పింది అప్పుడే.

ఆ ఆదివారమే సార్ మా ఊరు వచ్చారు. దారి చూపించడానికి నేను వెంట వెళ్లాలి. ఇక్కడ మీకొకటి చెప్పాలి. కాలువ వచ్చాక ఆ ఊరికి సంచీ పట్టుకుని వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి కొలిచేవాళ్లే. పొలం కొలిచి కాలువ కింద పోతుందనేవాళ్లు, నీళ్ల పన్ను రాసేవాళ్లు. వాళ్లతో వాదించినవాళ్లకు పని పెరిగింది తప్ప లాభం లేదు. అందుకని ఊరంతా ఒక పద్ధతికి వచ్చింది. రాసుకునే మనిషి ఏమంటే దానికి ఔనను, తొందరగా పంపించు.

సార్ మొక్క చూపించారు. "అవ్వా, దీన్ని కామాక్షమ్మ ముల్లు అంటరా?"

నింగవ్వ మొక్కను చూడలేదు. కలాన్ని చూసింది. "హౌదు సార్. గదే."

"ఎప్పటిసంది ఉందిది?"

"మా తాతల కాలంసంది ఉంది సార్."

"పూజ గిట్ల చేస్తరా దీనికి?"

"చెయ్యమంటె చేస్తం సార్."

సార్‌కు "చేస్తం" అన్న మాట ఒక్కటే వినిపించింది. గబగబా రాసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట, "కాదు సార్" అంటే చాలు. రెండక్షరాలు, ఒక గౌరవం. నోరు తెరిచాను కూడా. ఎండకు గొంతు ఎండిందనుకుని నింగవ్వ నీళ్లు తెచ్చింది. తాగాను.

సార్ నాలుగడుగులు ముందుకు వెళ్లాక ఆమె నా చెవిలో అడిగింది. "ఏం రాసుకపోతుండు బిడ్డా? మా పొలం గిట్ల పోదు గద?"

"పోదవ్వా" అన్నాను. ఆ రోజు నేను పలికిన నిజం అదొక్కటే.

సార్ తిరిగి వెళుతూ మా ఇంట్లో మజ్జిగ తాగి, క్యాంపువాళ్లందరికీ ఆ పేరు చెప్పారు. కామాక్షత్తయ్య కూడా ఉంది. ఇప్పుడు ఆవిడ నన్ను చూస్తుంది, అర్థం చేసుకుంటుంది, ఈసారి కొంగు కాదు, జుట్టే పట్టుకుంటుంది అనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించింది. "విన్నారా వదినా! పదేళ్లనుంచీ ఈ ఊళ్లో మనం పరాయివాళ్లమని కుళ్లిపోతున్నాం. మన కంచి కామాక్షి ఎప్పుడో వచ్చి గట్టు మీద చోటు పట్టి ఉంచిందే మన కోసం!" అంటూ కళ్లొత్తుకుంది. అమ్మ మాత్రం నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు సంగతి ఇప్పుడొద్దు.

మర్నాటినుంచి గట్టు మీద మొక్కకు పసుపు, కుంకుమ. శుక్రవారం పానకం. పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ వెళ్లారు. గట్టు చెక్కుదామని పార పట్టుకెళ్లిన నాన్న తిట్లు తిని తిరిగొచ్చాడు. మొక్క ఊరుకుంటుందా? గట్టంతా పాకింది. "అమ్మవారైతే అమ్మవారు, ఎడ్ల తోకలు పట్టుకుని వేలాడ్డమెందుకే?" అని నాన్న రోజూ సాయంత్రం తోకలు దువ్వుతూ కూర్చునేవాడు. కోతలకు దేవదుర్గ వైపునుంచి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద కాలు పెట్టి గెంతారు. "ఏం దేవతమ్మా మీది! దండం పెడ్దామంటె కాలే కింద పెట్టనియ్యకపాయె!" అన్నారు. నేను ఆ రాత్రి డైరీలో "కోతలు మొదలు" అని రాశాను.

సంగతి తెలిసి సార్ ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. కుంకుమ బొట్లతో మొక్క, పక్కన చేతులు జోడించి కామాక్షత్తయ్య. అది ఇక్కడి మొక్కే అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నా అబద్ధం పుట్టించిన పూజ వచ్చి నా అబద్ధానికి సాక్ష్యం చెప్పింది. బెంగళూరు సభలో పెద్దల ముందు దీని మీదే మాట్లాడతానని, అక్కడ నెగ్గితే పట్టిక అచ్చయినట్టేనని సార్ అన్నారు.

ఆయన ప్రయాణానికి ముందు రోజు, చెప్పేద్దామని ఆయన గది గుమ్మం దాకా వెళ్లాను. "సార్, ఆ పేరు..." అన్నాను. "ఆ పేరు లేకుంటె నేను ఈడనే ఉందునమ్మా" అని నవ్వి, నాకు కుర్చీ చూపించి, చాయ్ తెప్పించారు. చాయ్ తాగాను. గమనించారో లేదో, నేను తప్పు చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు నాకు ఏదో ఒకటి తాగిస్తూనే ఉన్నారు.

బెంగళూరులో ఏమైందో సార్ తిరిగొచ్చి తరగతిలో తనే చెప్పారు. ఒక పెద్దాయన ఒకటే అడిగారట. కాలువ రాని ఊళ్లలో దీన్నేమంటారు? సార్ ఆ ఊళ్లకు వెళ్లనే లేదు. తర్వాత ఎవరో ఫోటో అడిగి తీసుకుని చేతులు మార్చారట. "నవ్విన్రు. నవ్వనియ్యి" అన్నారు సార్, సుద్దముక్క వెతుక్కుంటూ. తర్వాత ఆయన ఒక్కరే బస్సెక్కి మల్లట్ దిక్కు, దేవదుర్గ దిక్కు తిరిగారు. ఆ పేరు ఎవరూ వినలేదు. మొక్కే చాలా ఊళ్లలో లేదు. "మీ అట్టల మీద కొట్టేసి, బయటినుంచి వచ్చిందని రాసుకోన్రి. తప్పు నాది" అని చెప్పి, పాఠం మొదలుపెట్టారు. నా వైపు చూడలేదు. నన్ను కాపాడడానికి కాదు. నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

పట్టిక అచ్చు కాలేదు. ఒక్క మొక్క దగ్గర ఇంత నమ్మినవాడు మిగతావాటి దగ్గర ఎంత నమ్మాడో అన్నారట. ఆ మిగతావన్నీ సరైనవే. అది నాకు తెలుసు, ఆయనకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు.

సిగ్గు అని నేను ఇన్నాళ్లూ పేరు పెట్టుకున్నది నిజంగా సిగ్గేనా? నోరు లేని పిల్ల అని అందరూ జాలిపడే ఆ పిల్ల, కలం చేతికొస్తే పొరుగావిడకు కొమ్ములు పెట్టి నవ్వుకోగలిగింది కదా. అబద్ధం చెప్పడానికి వచ్చిన మాట, నిజం చెప్పడానికి ఎందుకు రాలేదు? కామాక్షత్తయ్య ఇప్పటికీ శుక్రవారం పానకం చేస్తుంది. నాకూ ఒక గ్లాసు పంపుతుంది. నేను తాగుతాను. ఆవిడకు చెబితే ఏం మిగులుతుంది? చెప్పకపోతే నాకేం మిగులుతుంది? ఇదంతా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. క్షమించమని అడగను. అది మీరివ్వగలిగేది కాదు. విన్నారు, చాలు.

సార్‌ను చివరిసారి చూసింది రాయచూరు బస్టాండులో. ఆయనకు వేరే జిల్లాకు బదిలీ అయింది. ఈసారి ఎలాగైనా చెప్పాలని, ముందుగానే వాక్యం కూర్చుకుని, దారంతా మననం చేసుకుంటూ వెళ్లాను. రేకుడబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. "సార్, నింగవ్వ ఆ పేరు..." అనేదాకా వచ్చింది. బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, నా మాట అందుకుని, ఎంతో ఆప్యాయంగా అన్నారు.

"ఇంకేమన్న పేర్లు దొరికితె నాకు ఉత్తరం రాయి బిడ్డా. నీకైతే మనుషులు నోరిప్పి చెప్తరు."